మాకు హాలు కావాలి

"ఈ మూడు పేజీల్లో మీకేం కావాలో ఎక్కడుంది?" అని అడిగింది జానిస్ టీచరు.

మసేలినో చివరి పేజీకి తిప్పి, అడుగున ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. ఆదివారాలు పాటలు సాధన చేసుకోవడానికి కౌన్సిల్ వారి హాలు.

"మరి దీనికి ముందున్నదంతా ఏమిటి?"

"పలకరింపులు, టీచరమ్మా."

అవేమైనా మామూలు పలకరింపులా? మేయరమ్మకి, ఆవిడ పెద్దలకి, కౌన్సిల్ సభ్యులందరికీ వరసలో, ఆ భవనం నిలబడ్డ నేలకి, పక్కన పారే నదికి, ఎవరినీ వదలకుండా దండం పెట్టాడు. మసేలినో పుట్టిన సమోవా దీవుల్లో పెద్దల ముందు నోరు విప్పాలంటే ఎవరి గౌరవం వాళ్లకి ముందు అప్పజెప్పాలి. అవసరం సంగతి ఆఖర్న, తల వంచుకుని చెప్పాలి. అదే పద్ధతిలో ఇంగ్లీషులో రాశాడు. కౌన్సిల్ నుంచి జవాబు వచ్చింది: మీ శుభాకాంక్షలకు కృతజ్ఞతలు. హాలు ఊసే లేదు.

హాలు లేక చర్చి గాయక బృందం బ్రిస్బేన్ శివార్లలో ఒక షాపు వెనక, కార్లు ఆపే చోట పాడుకుంటోంది. వానొస్తే పాట ఆగిపోతుంది. ఈస్టర్ దగ్గర పడుతోంది. బృందానికి పెద్ద మసేలినో. ఈసారీ హాలు తేలేకపోతే ఆ పెద్దరికం ఇంకొకరికి ఇచ్చేస్తానని పాస్టరుగారు మొహం మీదే చెప్పేశారు. అందుకే మనవల్ని ఆడించే వయసులో లైబ్రరీకి వచ్చి ఇంగ్లీషు రాత నేర్చుకునే క్లాసులో చేరాడు.

జానిస్ ఎర్ర పెన్ను తీసింది. నదిని కొట్టేసింది. నేలను కొట్టేసింది. మేయరమ్మ పెద్దల్ని మాత్రం కాస్త మర్యాదగా కొట్టేసింది.

"చదివేవాళ్లకి తీరిక ఉండదు మసేలినో. మొదటి మాటలోనే మీ అవసరం తెలియాలి. 'మాకు హాలు కావాలి.' రాయండి."

రాశాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లోకి చెప్పులతో దూరి, నిలబడే అన్నం పెట్టమన్నట్టు అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని మళ్లీ మళ్లీ అదే రాశాడు. భార్య లోసా చేమదుంపలు కొబ్బరిపాలలో ఉడికిస్తోంది.

"ఏమయ్యా, పలకరింపు లేకుండా ఉత్తరమా? తగువుకి పోతున్నావా?"

"ఇంగ్లీషు వాళ్ల పద్ధతి అదేనట."

"ఎవరి పద్ధతైనా మర్యాద మర్యాదే. అది నాకు చూపించకు. తిన్నది అరగదు."

"రాత గురించి నీకేం తెలుసే?"

"నాకేం తెలుసులే. మా క్లాసులో మొద్దులు కూడా నీకంటే నయం."

లోసాకి ప్రతి గురువారం సాయంత్రం ఏదో క్లాసు. చెవిలో మందారం పెట్టుకుని, చంకన చాపతో వెళ్తుంది. చాపలల్లే క్లాసు అనుకున్నాడు మసేలినో. అడగలేదు. తన చదువే తనకి తలకు మించిన పని అయిపోయింది.

కానీ పట్టు వదల్లేదు. "దయచేసి" ఒక్కసారే వాడడం నేర్చుకున్నాడు. క్షమాపణ అడక్కుండా పేరా మొదలుపెట్టడం నేర్చుకున్నాడు. పక్కింటి కుక్క మొరుగుతోందని ఫిర్యాదు రాయమంటే మొదట్లో కుక్క ఆరోగ్యం అడిగేవాడు. ఇప్పుడు తిన్నగా మొరుగుడు దగ్గరికే వచ్చేస్తున్నాడు.

చివరికి నాలుగు లైన్లలో ఉత్తరం తయారైంది. చదివి జానిస్ కళ్లు తుడుచుకుంది.

"దీన్ని ఎవరు రాశారో, ఏ దేశం వాళ్లు రాశారో పోల్చుకోవడం ఎవరి తరం కాదు. ఇంతకంటే ఏం కావాలి?" అంది. ఒక నకలు తీసి లైబ్రరీ గోడకి అంటించింది కూడా.

కౌన్సిల్ నుంచి జవాబు వెంటనే వచ్చింది. హాలు యోగా క్లబ్బుకి ఇచ్చేశారట.

మసేలినోకి తల కొట్టేసినట్టయింది. ఈ మొహం పాస్టరుగారికి ఎలా చూపించడం? గురువారం పని దిగీ దిగగానే తిన్నగా కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లాడు. హాళ్ల సంగతి చూసే క్రెయిగ్ అనే ఆఫీసరు కుర్చీ చూపించి, తల వంచి, అతని ఇంటిల్లిపాదినీ, చర్చినీ వరసబెట్టి పలకరించాడు. మసేలినో కంగారుపడ్డాడు.

"ఈ మధ్య మా పద్ధతి మారిందండీ," అన్నాడు క్రెయిగ్. "ఈ ఊళ్లో సమోవా వాళ్లు ఎక్కువ కదా. వాళ్ల మర్యాదలు మాకు ఇక్కడే క్లాసు పెట్టి నేర్పిస్తున్నారు. యోగా క్లబ్బు ఆయన కూడా ఆ క్లాసుకే వస్తాడు. ఉత్తరంలో నదికి ఎంత బాగా దండం పెట్టాడనుకున్నారు. మీరేమో 'మాకు హాలు కావాలి' అని మొదలుపెట్టారు. మనసు చివుక్కుమంది."

"నేను సమోవా వాణ్ణేనయ్యా."

"ఉత్తరం చూస్తే అలా అనిపించలేదండీ. అనుమానమొచ్చి మా టీచరమ్మని అడిగాం. పేర్లు, వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి, 'మాకు కావాలి' అంటూ మొదలయ్యే ఉత్తరాన్ని ఏం చెయ్యాలండీ అన్నాం. సమోవా వాడెవడూ అలా రాయడు, రాసినా వాడికి ఇంట్లో చెప్పేవాళ్లు లేరనుకోండి, పక్కన పడెయ్యండి అన్నారు."

మసేలినోకి ఒళ్లు మండిపోయింది.

"ఎవరండీ ఆవిడ? ఆవిడతోనే తేల్చుకుంటాను."

"వచ్చే వేళైంది. ఉండండి."

అంతలో తలుపు తెరుచుకుంది, ఆఫీసులో అందరూ కుర్చీలు వదిలి నేల మీద బాసింపట్టు వేసుకుని తలలు వంచారు, చెవిలో మందారంతో, చంకన చాపతో లోపలికి వచ్చింది లోసా.