భూతద్దం గారి ఫోను

“కామా జారిపోతే పట్టేస్తారు, ఏకంగా ఫోను నంబరు మారిపోతే కనబడలేదా భూతద్దం గారూ?”

ప్రెస్సు ఓనరు కరపత్రాన్ని బల్ల మీద విసిరాడు. ‘మీ పిల్లలకు మంచి మార్కులున్నాయా? తక్కువ ఫీజు ఇంజినీరింగ్ కాలేజీ మేం చూపిస్తాం’ అని పైన పెద్ద పెద్ద అక్షరాలు. కింద, అచ్చు వేయించుకున్న ఆఫీసు నంబరు ఉండాల్సిన చోట, ప్రూఫులు దిద్దే భూతద్దం సొంత నంబరు పడింది. కాగితాలు ఊరంతా పంచేశాక గాని సంగతి బయటపడలేదు.

ఏ అచ్చుతప్పూ ఆయన కన్నుగప్పి పోదనే ఆయనకా పేరు. ఇప్పుడు తల దించుకుని నిలబడ్డాడు.

కంప్యూటరు దగ్గర అక్షరాలు కొట్టే అమ్మాయి ఏడుపుమొహం పెట్టింది. “ఆఫీసు నంబరు వచ్చేదాకా ఖాళీ ఎందుకని భూతద్దం బాబాయి నంబరు వేశాను సార్. అది రాగానే మార్చేశాను. మార్చినట్టే గుర్తు.”

“నీ గుర్తు పుణ్యమా అని నేను మళ్ళీ ఉత్తినే అచ్చేసివ్వాలి!”

“అమ్మాయిననకండి,” అన్నాడు భూతద్దం. “చివర చూసేది నేను. తప్పు నాది.”

ఇంత మంచివాణ్ణి ఇంకేమంటాడు? ఓనరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

భూతద్దానిది ఒంటి బతుకు. గదిలో కంచం ఒకటే, కుర్చీ ఒకటే. ఫోను మోగిందంటే గ్యాసు బండవాడే అయ్యుండాలి. సెలవు రోజున సాయంత్రం దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు. అలాంటి ఫోను ఇప్పుడు ఊపిరాడనివ్వడం లేదు.

“రాంగ్ నంబరని పెట్టెయ్యక, ఎందుకండీ మీకీ లంపటం?” అన్నాడు ఓనరు.

“పిల్లల చదువు కదండీ. ఎలా పెట్టేస్తాం?”

అడిగినవాళ్ళకి చెప్పాలంటే ముందు తనకి తెలియాలిగా. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి కాలేజీలు తిరిగాడు. అద్దాల మేడలున్న చోట ఫీజు తక్కువే అంటారు, ఆనక బస్సుకింత, ల్యాబుకింత అని పిండుతారు. పైన పటారం, లోన లొటారం.

బట్టలు కుట్టే ఒకావిడ రోజూ ఫోను చేసేది.

“మా పాపవి మరీ గొప్ప మార్కులు కావండీ, అలాగని తీసిపారేసేవీ కావు. నా మిషను మోటారు పాడైతే అదే విప్పి బాగుచేస్తుంది. ఈ ఏడు సీటు రాకపోతే కొట్లో కూర్చోబెడతానంటున్నాడు వాళ్ళ మావయ్య.”

“హాస్టలు కావాలామ్మా?”

“హాస్టలంటే కట్టలేను. రోజూ అంత దూరం పంపలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.”

“రెండ్రోజులు ఆగమ్మా, చూస్తాను.”

“అలాగే. మీరు తిన్నారా అన్నయ్యా?”

తినలేదు. తిన్నానని చెప్పాడు. ఇన్నేళ్ళలో తనని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అది సంతోషమో దుఃఖమో ఆయనకే తెలియలేదు.

వెతగ్గా వెతగ్గా రైలు స్టేషను పక్కనే ఓ పాత సర్కారు కాలేజీ దొరికింది. గోడలకి సున్నం లేదు గాని, వర్క్‌షాపులో మిషన్లు నిజంగా తిరుగుతున్నాయి. ఫీజు ఆవిడ కట్టగలిగినంతే. రైలు పాసు చవక.

“కౌన్సెలింగులో మొదటి కాలేజీగా ఇదే పెట్టమనమ్మా. దూరపు కొండలు చూసి మోసపోవద్దు.”

సీటొచ్చింది. ఆవిడ ఫోనులోనే ఏడ్చేసింది. “మీ మేలు మరిచిపోను అన్నయ్యా. ఇక రోజూ మిమ్మల్ని విసిగించను లెండి.”

“విసుగేముందమ్మా…” అనేలోపే పెట్టేసింది.

మాట మీద నిలబడింది కూడా. అడ్మిషన్లు ముగిశాయి. ఫోను మళ్ళీ గ్యాసు బండవాడి పాలైంది. మోగకపోయినా సరే, అన్నం తినేటప్పుడు దాన్ని కంచం పక్కనే పెట్టుకునేవాడు భూతద్దం.

ఏడాది తిరిగింది.

“అదే ఆఫీసు, అదే కరపత్రం,” అన్నాడు ఓనరు. “కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ ఇచ్చారు. ఈసారి తప్పు పడిందంటే మీరు ఇంటికే. మొహమాటం లేదు.”

“ఒకటికి పదిసార్లు చూసుకున్నాను బాబాయ్,” అంది అమ్మాయి. “మీరు సరే అంటే మిషనెక్కించేస్తారు.”

ఆమె టీకి వెళ్ళింది. భూతద్దం కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పైనుంచి కింది దాకా చదివాడు. ఒక్క తప్పు లేదు. ఆఫీసు నంబరు సరిగ్గా ఉంది.

పోయినేడు చేసినట్టే, దాన్ని చెరిపి తన నంబరు కొట్టాడు.