రద్దుకు కారణం

“నెల ఫ్రీ అంటే ఒకటి నొక్కిన బిడ్డా. ఇగ నెలనెలా ముప్పై రూపాయలు కోస్తున్నరు. జర బంద్ చెయ్యి.”

రావిర్యాల నుంచి యాదగిరి. రోజూ ఫోన్లో వ్యవసాయ సలహాలు వినిపించే పథకం.

అడగగానే ఆపకూడదని మా కాల్ సెంటర్ రూలు. “ఇంకో నెల ఫ్రీగా ఇస్తాం బాపూ,” అన్నాను.

“పైసల్ గాదు బిడ్డా. పొద్దుగాలనే ఫోన్ మోగి, ‘నేడు విత్తడానికి అనుకూలం’ అంటది. కాళ్లు ఆగవు, చేను కాడికి పోత. భూమి తీస్కొని ఆడ కంపెనీ కట్టిండ్రని యాదికే రాదు. వాచ్‌మన్ ఎల్లగొడ్తడు.”

రద్దు చేశాను. కారణం దగ్గర ‘ఇతరములు’ నొక్కాను.

మర్నాడు రావిర్యాలలో ఆఫీసు బస్సు దిగాను. మా గేటు దగ్గర రోజూ వాచ్‌మన్ తరిమే ముసలాయన లేడు.