ఎలుకకొక పంజరం

ఉత్తేజక మందు ఎక్కించిన ఎలుకలను కెనడాలో చలికి పేరుపడ్డ విన్నిపెగ్ ఊళ్లోని మా ప్రయోగశాలలో దేనికది విడిగా, చల్లటి గదిలో ఉంచుతాం. వెచ్చని చోట గుంపుగా ఉంటే ఒళ్లు కాగిపోయి చస్తాయి.

వాటిని పంజరాల్లోకి విడదీస్తుండగా మనవరాలు టెస్సా ఫోన్ చేసింది.

“అమ్మమ్మా, డాన్సు పార్టీలో ఉన్నా. ఎవరో హుషారు మాత్ర ఇస్తే వేసుకున్నా. ఒళ్లంతా సెగలు కక్కుతోంది.”

చేతిలోని ఎలుకను పంజరంలో పెట్టేసి అడిగాను. “ఒక్కదానివే ఉన్నావటే?”

“అబ్బే, భయపడకు. హాలు కిటకిటలాడుతోంది. అందరూ నన్ను చుట్టుకునే ఉన్నారు!”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వెంటనే బయట మంచులోకి నడు. అంబులెన్సు పంపిస్తా.”

“కోటు లోపలెక్కడో ఉంది, వెతుక్కుని వెళ్తా.”

అది పుట్టినప్పటి నుంచీ, బయట కాలుపెడితే చాలు కోటు, కోటు అని దాని ప్రాణం తీసినదాన్ని నేనే. “కోటొద్దు, పరుగెత్తవే!” అని ఏడుస్తూ అరిచాను.