గీత దాటే మాట

“ఇంకోసారి అను మామ్మా. నువ్వూ అంటేనే నా కాలు కదులుద్ది.”

వాకిట్లో ముగ్గుపిండితో గీసిన గీత ముందు రమ్యశ్రీ నిలబడి ఉంది. పక్కనే మనవరాలి చెయ్యి పట్టుకుని అన్నపూర్ణ.

“వెళ్తాను. తాకుతాను. తిరిగొస్తాను,” అన్నారిద్దరూ. కలిసే గీత దాటారు.

పోయిన నెల మండపేటలో కబడ్డీ ఆడి రమ్యశ్రీ దిగాలుగా ఇంటికొచ్చింది. ఆఖరి కూతకి తననే పంపారనీ, నడిగీత దగ్గర కాళ్ళు బిగుసుకుపోయాయనీ, తన వల్లే ఓడిపోయారనీ చెప్పి ముసుగు తన్ని పడుకుంది. మామ్మ ఎంత బతిమాలినా మొహం మీది దుప్పటి తియ్యలేదు. వచ్చే ఆదివారం కె.గంగవరంలో జిల్లా జట్టుకి ఎంపిక. అక్కడా ఇలాగే ఆగిపోతే ఇక ఆట మానేస్తానంది. తనకి తను ధైర్యం చెప్పుకోమని కోచ్ రమణబాబు ఆ మూడు మాటలూ నేర్పాడట. ఒంటరిగా అనుకుంటే మాత్రం పని చెయ్యడం లేదట.

“నోటితో అన్నంత మాత్రాన తిరిగొచ్చేస్తారటే?” అంది అన్నపూర్ణ. అనేసి తనే తల తిప్పుకుంది.

ఆమె భర్త రాఘవులు కూడా ముక్తేశ్వరం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కుతూ సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. అవతలి ఒడ్డున గుండె ఆగిపోయింది. ఆ తర్వాత అన్నపూర్ణ పడవ మీద కాదు కదా, వంతెన మీద కూడా గోదావరి దాటలేదు. చెల్లెలు వీరవేణి ఏటికి అవతల కె.గంగవరంలో మంచాన పడి, ఒక్కసారి కనపడవే అక్కా అని ఫోన్లో ఏడిస్తే, ఈమె ఈ ఒడ్డునే మనవరాలి ఎదుట కూర్చుని ఏడ్చింది.

కానీ పిల్ల ఆట పోతుందంటే ఊరుకోలేకపోయింది. రోజూ పొద్దున్నే గీత దాటించింది. వాకిలి అలవాటైపోయింది, కొత్తచోటైతే భయమేస్తోందని రమ్యశ్రీ అంటే కాలవ వంతెన మీదికి వెళ్ళారు. అక్కణ్ణించి రేవుకి. నీళ్ళు కనపడగానే అన్నపూర్ణ వెనక్కి తిరగబోయింది. మనవరాలు ఇసుకలో కాలితో గీత గీసి, భయమేస్తోంది మామ్మా అంటే, చెయ్యి అందించక తప్పలేదు.

ఆదివారం రేవు దాకా దిగబెట్టి వచ్చేద్దామనే బయల్దేరింది. పంటు ఎక్కే బల్ల దగ్గర రమ్యశ్రీ ఆగిపోయింది.

“కాళ్ళు రావట్లేదు మామ్మా.”

“ఇంతదాకా వచ్చి అదేంటే? అనుకో మరి.”

“నువ్వూ అను.”

వెనక మోటార్‌సైకిళ్ళ వాళ్ళు తొందరపెడుతున్నారు. “ఎక్కెయ్యండి మామ్మగారూ, ఆ జపమేదో అవతలొడ్డు దాకా చేసుకుందురు గాని,” అన్నాడొకడు.

అన్నపూర్ణ కళ్ళు మూసుకుంది. వెళ్తాను అంది. కాలు బల్ల మీద పడింది. ఏరు దాటినంతసేపూ ఆమె పెదవులు ఆడుతూనే ఉన్నాయి. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో ఆమెకి తెలియలేదు.

కోటిపల్లి రేవులో దిగి ఆటో ఎక్కారు. మైదానంలో మొదటి కూతకే రమ్యశ్రీ వెళ్ళింది. గీత దగ్గర రెప్పపాటు కూడా ఆగలేదు. ఇద్దర్ని తాకి, కాలు పట్టినవాళ్ళ చేతుల్లోంచి చేపలా జారి తిరిగొచ్చింది. మనవరాలి ఆట కళ్ళారా చూడడం అన్నపూర్ణకి అదే మొదలు.

కొంగుతో కళ్ళు తుడుచుకుని రమణబాబు దగ్గరికెళ్ళింది.

“మీరు నేర్పిన మాటలు పిల్లని నిలబెట్టేయి బాబూ. మండపేటలో కాళ్ళు బిగుసుకుపోయి ఓడించేసిన పిల్లంటే ఎవరు నమ్ముతారు? ఆటయ్యాక అలా మా చెల్లెల్ని కూడా చూసెళ్తాం.”

“ఆయ్, తప్పకుండా వెళ్ళిరండి,” అన్నాడతను. తర్వాత అర్థం కానట్టు ఆమె వంక చూశాడు.

“మండపేటలో మమ్మల్ని గెలిపించిందే రమ్యశ్రీ అండి.”