కామా మాస్టారు

ఆ పెద్దాయన రిసెప్షన్‌లో కూర్చుని, వెబ్‌సైట్ రాసినవాళ్లను చూడాలన్నాడు.

పైన ఆఫీసులో ఎవరూ కుర్చీ వదల్లేదు. రాసింది తనే కాబట్టి ప్రోగ్రామరు కిందికి దిగింది.

ఆ సైటు ఒక ఆసుపత్రిది. కిడ్నీ కోసం పేరు రాయించుకున్నవాళ్లు తమ నంబరు కొడితే, వరసలో ఎక్కడున్నారో చూపిస్తుంది. దానంగా వచ్చిన కిడ్నీ ఆ వరస ప్రకారమే ఇస్తారు.

ఆయన తన ఫోనులో ఆ పేజీ తెరిచాడు. నంబరు కొట్టాల్సిన గడిలో ఒక కొటేషన్ గుర్తు పెట్టి, దాని పక్కన ఏదో రాసి నొక్కాడు.

వరసలో ఉన్నవాళ్లందరి పేర్లూ బయటపడ్డాయి.

ఆమె ఫోను మీదికి వంగి చూసింది.

"అమ్మా, మీరు నంబరు అడిగారు. నేను నంబరు బదులు ఆజ్ఞ రాశాను. మీ కంప్యూటరు సరేనంది," అన్నాడాయన. "చూడటమే కాదు, మార్చనూ వచ్చు. ఎవరి పేరైనా ముందుకు జరపొచ్చు."

తప్పెక్కడుందో ఆమెకు అర్థమైంది. గడిలో పడ్డ అక్షరాలను తెచ్చి, డేటాబేస్‌కి పంపే ఆజ్ఞలోనే అతికించింది తను. ఆజ్ఞను వేరుగా, అక్షరాలను వేరుగా పంపి ఉంటే, ఎవరేం రాసినా అవి ఉత్త అక్షరాలుగానే మిగిలేవి.

మేనేజరు వచ్చి, ఎంత కావాలని అడిగాడు. ఆయన ఏమీ వద్దన్నాడు. ఈ సైటుతో మీకేం పని అంటే మాత్రం జవాబు చెప్పలేదు. త్వరగా సరిచేయమని మరోసారి చెప్పి వెళ్లిపోయాడు.

"కొటేషన్ అంటే పైకెక్కిన కామాయేగా. అది ఈయన నెత్తికెక్కింది," అన్నాడు మేనేజరు.

అప్పట్నుంచి ఆఫీసులో ఆయన పేరు కామా మాస్టారు.

ఆజ్ఞలన్నీ తిరగరాయాలంది ఆమె. సైటంతా కదపాల్సి వస్తుంది, కొంత వ్యవధి కావాలంది.

"అదంతా తర్వాత చూద్దాం తల్లీ. ముందు ఆ గుర్తు కొట్టనివ్వకుండా చెయ్యి."

చేసింది. ఇప్పుడు గడిలో ఆ గుర్తు పెడితే పేజీ ఒప్పుకోవడం లేదు. మేనేజరు తనే నాలుగుసార్లు కొట్టి చూసుకుని, ఆమె భుజం తట్టాడు.

మాస్టారు మళ్లీ వచ్చాడు.

"మీరు పెట్టిన కాపలావాడు నా ఫోనులో కూర్చున్నాడమ్మా. నా ఇంట్లో వాణ్ని నేను పక్కకు పొమ్మంటే పోతాడు. కాపలా మీ గుమ్మం దగ్గర ఉండాలి."

పేజీని పక్కనపెట్టి, నేరుగా సర్వరుకే పంపి చూశానన్నాడు. పేర్లన్నీ మళ్లీ వచ్చాయట.

మేనేజరు ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. ఆయన అది తాగుతుండగా పోలీసులు వచ్చారు.

ఇన్‌స్పెక్టరు అడిగింది ప్రోగ్రామర్నే.

"లోపలికి వెళ్లాడా, లేదా?"

"వెళ్లారు. కానీ ఏదీ ముట్టుకోలేదు సార్. మాకు చెప్పడానికే..."

"మీరు వెళ్లమన్నారా?"

"లేదు."

ఇన్‌స్పెక్టరు మొదటి మాటా చివరి మాటా రాసుకున్నాడు. మధ్యలోది రాసుకోలేదు.

మాస్టారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం ఒకచోటికి వెళ్లాలి, ఆలోగా వదులుతారా అని మాత్రం అడిగాడు.

"ఎక్కడికి? పెళ్లిచూపులకా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కళ్లద్దాలకు కట్టుకున్న తాడు సరిచేసుకుని, ఆయన వాళ్ల వెంట నడిచాడు.

మర్నాడు ఆమె ఆజ్ఞలు తిరగరాయడానికి కూర్చుంటే మేనేజరు ఆపాడు. కేసు తేలేదాకా కోడులో అక్షరం కదపకూడదట. అది సాక్ష్యమట.

"కన్నం అలాగే ఉంది కదా సార్."

"సాక్ష్యమంటే ఆ కన్నమేగా తల్లీ."

స్టేషనుకు వెళ్లి అడిగింది. కోర్టు చెప్పాలన్నారు. ఇంట్లో చెప్పుకుంటే, ముక్కూమొహం తెలియనివాడి గొడవలో తల దూర్చకని అన్నయ్య మందలించాడు. రోజుకు పదిసార్లు ఆ పేజీ తెరిచి, వరస తారుమారు కాలేదు కదా అని చూసుకునేది. అయినా కనిపెట్టే దారి లేదు. అసలు వరస ఏదో ఆమెకు తెలియదు.

చివరికి ఆసుపత్రికే వెళ్లింది. కిడ్నీల విభాగం హెడ్ నర్సు ఊ అంటే పేజీ మూసేస్తారు.

హెడ్ నర్సు ఓపిగ్గానే విన్నది. పేజీ మూస్తే, వచ్చి అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక చస్తామంది. ఇంతకీ పేర్లు జరపొచ్చని నీకు చెప్పిందెవరని అడిగింది.

కళ్లద్దాలకు తాడు కట్టుకున్న పెద్దాయన అని చెప్పింది ప్రోగ్రామరు. తన కళ్లముందే పేర్లన్నీ తీసి చూపించాడంది.

"ఆయనా? వారం వారం సాయంత్రం పూట వచ్చేవాడు. పోలీసుల దగ్గర ఉన్నాడా? అందుకా కనబడనిది."

హెడ్ నర్సు తల అడ్డంగా ఊపింది.

"పేజీ ఎందుకు మూస్తాంలే. పేర్లు జరపడం ఆయన చేతిలో పనే అయితే, ఆయన కూతురు వంతు రాకుండానే మొన్న ఎందుకు చనిపోతుందమ్మా?"