ఎస్తేరు చెప్పిన రుచి

"తొందరపడొద్దు. నిదానంగా తాగి చెప్పు," అంటూ జాకబ్ స్టీలు గ్లాసు భార్య చేతిలో పెట్టాడు.

ఎస్తేరు ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. అతనూ మూసుకున్నాడు.

"చేన్లో చెనిక్కాయలు కాల్చినప్పుడు వస్తాదే, ఆ వాసన," అందామె. "ఆ ఎనకాలే బెల్లం పాకం. మింగినాక సన్నంగా చేదు."

జాకబ్ ముఖం వెలిగిపోయింది. "రాగులు సరిగ్గా ఏగినాయన్నమాట!"

గుంతకల్లులో రైలు డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూములో ఇరవై రెండేళ్లు వాళ్లకు వండిపెట్టిన మనిషి అతను. నాలుగేళ్ల కిందట మొగుడూ పెళ్లాలిద్దరినీ మంచాన పడేసిన జ్వరం తగ్గింది కానీ, అతని నాలుకకు రుచి, ముక్కుకు వాసన తిరిగి రాలేదు. రుచి తెలియని వంటవాడు ఉంటే ఎంత, పోతే ఎంత అని గరిటె పారేసి, ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపును చూస్తూ ఎస్తేరు ఎంత ఏడ్చిందో గోడకే తెలియాలి.

అతన్ని లేపింది మేనల్లుడు శశికుమార్. బెంగుళూరులో బీరు కాచి అమ్మే హోటల్లో పని అతనిది. "దీనికి కొలతలు, వేడి, రోజులు ముఖ్యం మామా. నాలుక తర్వాత," అని ఇంట్లోనే బీరు చేయడం నేర్పి వెళ్లాడు.

అప్పటినుంచి మేడ మీద రాగి మొలకలు ఎండాయి. అవి మాడీ మాడకుండా వేయిస్తే నల్ల బీరు, గోధుమలతో గంజిలాంటి తెల్ల బీరు, నేరేడుపళ్లు వేస్తే పుల్ల బీరు. ఏది దించినా ఎస్తేరు తాగి చెప్పాలి. తెల్లదాంట్లో తొలి వానకు తడిసిన మన్ను వాసన ఉందనేది. ఆమె చెబుతుంటే అతనికి కలలో భోంచేసినట్టు ఉండేది. ఆ ధైర్యంతోనే ఇంట్లో మళ్లీ గరిటె పట్టాడు.

ఈరోజు నల్ల బీరు పోసి పొట్టేలు మాంసం వండాడు. తినడానికి శశికుమార్ వస్తున్నాడు. ఇన్నాళ్లకు మొదటి బయటి నాలుక.

"వాడు మొగం చిట్లిస్తే, మళ్లా గరిటె ముట్టను," అన్నాడు జాకబ్.

"నేను చెప్పేది చాలదా?"

"నువ్వు పెండ్లానివి మే. వాడు మొగమాటానికి చెప్పే రకం కాదు."

శశికుమార్ వచ్చి కూర్చున్నాడు. ఎస్తేరు సంగటి వడ్డించి, అతని మొహమే చూస్తూ నిలబడింది. అతను ముద్ద తుంచి, పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్ద. మూడోది.

"ఏమప్పా, చెప్పు!" జాకబ్ ఆగలేకపోయాడు.

"మాట్లాడించొద్దు మామా. ఇంకా రెండు ముక్కలు వెయ్యి."

జాకబ్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇంకో సీసా తెస్తానని మేడమెట్లు ఎక్కాడు. అతని కూనిరాగం విని ఎన్నేళ్లయిందో!

ఎస్తేరు ముందుకు వంగింది. "మీ మామ లేడు. నిజం చెప్పు శశీ, బాగుండాదా?"

"ఇంత బాగా యాడా తినలేదత్తా. మా హోటల్లోనూ ఈ రుచి రాదు. రోజూ తినేదానివి, నీకు తెలీదా?"

ఎస్తేరు కొంగుతో కళ్లు ఒత్తుకుని, మెట్లవైపు చూసి గొంతు తగ్గించింది.

"నాకూ రుచి తెలిసి నాలుగేండ్లయిందప్పా."