ఈశాన్యంలో బూటు

చిమ్నీలో మళ్ళీ చప్పుడైంది. ఎవరో గోళ్ళతో రాయిని గీకుతున్నట్టుంది. స్పందన గబుక్కున పాపను ఎత్తుకుంది. చప్పుడు ఆగిపోయింది.

నాలుగు రోజులుగా ఇదే వరస. పాపను కిందికి దించితే చాలు, గీకుడు మొదలు. చెయ్యి పడిపోతున్నా సరే, స్పందన చంక దించడం మానేసింది. పాప పాలు కూడా ముట్టడం లేదు. పసిప్రాణం, ఎంత జడుసుకుందో పాపం!

ఈ ఇల్లు జితేందర్ ముచ్చటపడి కొన్నది. వేల్స్ నుంచి పెన్సిల్వేనియా కొండల్లోకి వలసొచ్చిన రైతులెవరో, రెండు వందల ఏళ్ళ క్రితం, అచ్చం తమ ఊళ్ళో ఉన్నట్టే కట్టుకున్న రాతి ఇల్లు. మూరన్నర మందాన గోడలు, తల వంచితే గానీ దూరలేని గుమ్మం, చిమ్నీ కింద మనిషి నిలబడేంత పొయ్యి, దాని పక్క నుంచే మెలిక తిరిగి పైకెళ్ళే రాతిమెట్లు. హెర్న్‌డన్ పట్నంలో అపార్ట్‌మెంట్‌లో ఇరుక్కుని బతికినవాడికి అది కోటలా కనిపించింది. కొన్నాడు సరే, ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందంటూ ఈ వారమంతా హెర్న్‌డన్‌లోనే స్నేహితుడి దగ్గర దిగబడ్డాడు.

స్పందన చూసింది మాత్రం దిక్కులు. పొయ్యి సరిగ్గా ఈశాన్యంలో ఉంది. ఈశాన్యమంటే దేవుడి మూల. జితేందర్ వెళ్ళిన మర్నాడే, పొయ్యి లోపలి గూట్లో పటాలు పెడదామని తడిమి చూస్తే, మసిబారిన తోలు బూటు ఒకటి చేతికి తగిలింది. చిన్నపిల్లలది, ఒంటి బూటు. దేవుడి మూలలో బూటేమిటి, ఛీ! పట్టకారుతో పట్టుకెళ్ళి చెత్తలో పారేసింది. గూడంతా పసుపునీళ్ళతో కడిగి దీపం పెట్టింది. ఆ సాయంత్రం నుంచే ఈ చప్పుడు.

ఇంతలో తలుపు తట్టారు. పక్క పొలం మిసెస్ ప్రాసర్. ఈ ఇల్లు కట్టింది ఆవిడ ముత్తాతలేనట. కొత్తగా వచ్చినవాళ్ళు కదా అని ఇంట్లో కాల్చిన ఆపిల్ పై పట్టుకొచ్చింది. పాపను పలకరించనైనా లేదు, ఆవిడ చూపు తిన్నగా పొయ్యి మీదికే పోయింది.

“ఆ గూట్లో బూటు ఉండాలే?”

“గార్బేజ్‌లో పడేశానండీ. ట్రక్ తీసుకెళ్ళిపోయింది.”

ముసలావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ ఇంగ్లీషులో గొణిగింది మన మాటల్లో చెప్పుకుంటే ఇదీ: చిమ్నీలోంచి దిగే పీడ పసిపిల్లల వాసన పట్టి వస్తుంది. బూటు చూసి బిడ్డే అనుకుని అందులో దూరుతుంది. దూరిందంటే ఇక బయటపడలేదు. అందుకే పాతకాలం వాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు చిమ్నీలో పిల్లల బూటు దాచేవారు.

“మా నానమ్మ ఆ గూటి జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు,” అంటూ ఆవిడ తెచ్చిన ఆపిల్ పైని ఇవ్వకుండానే పట్టుకుని, గబగబా గేటు దాటిపోయింది.

స్పందనకి పై ప్రాణాలు పైనే పోయాయి. తనకేమైనా ఫర్వాలేదు. పాపను మాత్రం ఈ ఇల్లు దాటించాలి, అంతే.

పాపను కూర్చోబెట్టే కార్ సీటు కోసం ఇల్లంతా వెతికింది. ఎక్కడా కనపడలేదు. పాపను వెనక సీట్లోనే కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. పాప ఏడవలేదు, నయం.

హైవే ఎక్కాక గానీ ఊపిరి ఆడలేదు. జితేందర్‌కి ఫోన్ చేసింది.

“జితూ, ఆ ఇంట్లో ఇంక ఒక్క నిమిషం కూడా ఉండను. నీ దగ్గరికే డ్రైవ్ చేస్తున్నా. ఇద్దరం సేఫ్‌గానే ఉన్నాం, కంగారుపడకు.”

“ఇద్దరేంటి? నీతో ఎవరున్నారు?”

“అదేం మాట జితూ! పాపను ఆ ఇంట్లో వదిలేసి ఎలా వస్తాను?”



“స్పందనా, మనకి పిల్లలు లేరు కదా, కార్‌లో ఎవర్ని ఎక్కించుకున్నావ్?”